నీళ్లు తీసినంక

సోహార్ల ఈ కాలేజి కొలనుకు నేనే కాపలా,
పదకొండేండ్ల సంది.
పొద్దుగాల క్లోరిన్, మాపటికి వల,
నడుమల రిజిస్టర్.

మొన్న ఆదివారం కాయితమొచ్చింది.
ఈత జట్టు రద్దు, రెండేండ్లు.
అద్దాల బీరువల కప్పులు అట్టపెట్టెలకు పోయినయ్.
గోడ మీది ఫోటో ఊడదీస్తే
తెల్లగ ఒక మచ్చ మిగిలింది.
నీళ్లు తీసెయ్యమన్నరు.

పంపు రెండు దినాలు గుర్రుమన్నది.
అడుగున వంద బైసల బిళ్ల దొరికింది, ఒక విజిల్ దొరికింది.
విజిల్ ఎవలిదో నాకెరుకే.
చెత్తల ఎయ్య మనసు రాలే,
జేబుల ఎయ్య చెయ్యి రాలే.
ఆయన జైల్ల ఉన్నడు. అది సరే.
ఆ మాటకు నా దగ్గర రెండో మాట లేదు.

హిలాల్ వచ్చి అంచున కూసున్నడు
కాళ్లు యాలాడేసి, నీళ్లున్నట్టే.
చేపలు పట్టెటాయిన కొడుకు.
వంద మీటర్లల అర సెకను తగ్గించెటందుకు
ఏడాదిన్నర తిండి, నిద్ర లెక్కవెట్టుకున్నడు.
ఫిబ్రవరిల మస్కట్ పోయెటోడు.
"నేనేం చేసిన?" అని నన్ను అడగలే.
అడిగితె బాగుండు.

నీళ్ల సంగతి నాకు తెలుసు.
పచ్చగైతె మందేస్తం, రాత్రంత పంపు తిప్పుతం,
తెల్లారెసరికి అడుగు కనవడ్తది.
కొన్నిసార్లు మందుకు లొంగది.
అప్పుడు తీసెయ్యాలె, తప్పదు,
నీళ్లు ఏం పాపం చేసినయ్ అని కూసుంటె నడువది.
గాని ఫిల్టర్ల ఇసుకనే కుళ్లినంక
ఎన్ని నీళ్లు మార్చినా
వారం తిరిగెసరికి అదే వాసన.

మూడేండ్ల కింద ఒక తల్లి ఉత్తరం రాసింది.
దాన్ని సొరుగుల వెట్టినాయిననే
మొన్నటి కాయితం మీద సంతకం వెట్టిండు.
ఆయన గదిల ఏసీ ఇంక సల్లగనే ఉన్నది.

ఇంకింత ఇసుక నా దగ్గర ఉన్నది.
రాత్రిపూట తాళంచెవి అడిగెటోడు కోచ్.
ఇచ్చెటోన్ని.
రిజిస్టర్ల రాసెటోన్ని, నిజాయితీగ:
తొమ్మిది నలభై. తాళంచెవి. కోచ్.
నలభై ఏడు సార్లు రాసిన.
ఒక్కసారి గూడ లోపటికి పోయి చూడలే,
లైట్లు ఎందుకు బందున్నయని అడగలే.
బతాకా రిన్యువల్ ఉండె.
బిడ్డ నర్సింగు ఫీజు ఉండె.
ఇవి సాకులని ఎరుకే, అయినా చెప్తున్న.

విచారణకొచ్చినోళ్లు
జట్టులున్న పద్నాలుగు మందిని పిలిచిన్రు,
ఒక్కొక్కన్ని గంటసేపు.
నన్ను చాయ్ తెమ్మన్నరు.
రిజిస్టర్ ఏదని ఎవ్వలడగలే.
నేను గూడ యాది చెయ్యలే,
చక్కెర ఎన్ని చెంచాలని మాత్రం అడిగిన.

నిన్న పొద్దుగూకినంక ముంధిర్ వచ్చిండు.
నోరు తెరిచింది ఆ పోరడే.
ఇప్పుడు జట్టోళ్లు వానితోని కాంటీన్ల కూసుంటలేరు.
నిచ్చెన దిగి కొలను నడుమకు నడిచిండు,
ఎన్నడూ కాలు ఆననికాడ
చెప్పులతోని నిలవడ్డడు.
మెడ ఎత్తి, నాకు సమజయ్యేటంత అరబ్బీల అడిగిండు:
"చాచా, నా వల్లనే ఎండిందా ఇది?"

"లా" అన్న.
వాళ్ల భాషల లా అంటే కాదు.
మా దిక్కు లా అంటే
నల్లకోట్లోళ్లు చదివేది.
పెంకుల గోడలు ఆ ఒక్క అచ్చరాన్ని
అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు
విసురుకుంటనే ఉన్నయ్ శానసేపు.
వాడు నమ్మిండో లేదో. తల ఊపిండు గాని
చీకట్ల ఎటు ఊపిండో కనవడలే.

వాడు పోయినంక రిజిస్టర్ తీసి
సంచిల ఏసుకున్న, విజిల్ గూడ.
ప్రాసిక్యూటర్ ఆఫీసు
ఏడున్నరకు తెరుస్తరంట.
పోతనో లేదో
ఈ రాత్రి నన్ను అడగొద్దు.