ముసాయిదా, మూడో క్లాజు

కర్నూలు పాతబస్తీ నుంచి
దూదేకుల కాశిం కూతురు రాసుకునేదేమంటే,

అయ్యా,
ముప్పై రోజుల్లోగా అభ్యంతరాలు చెప్పమన్నారు.
నాది ఒకటే.
మూడో క్లాజులో, రెండో లైన్లో
"వీలైనంత వరకు" అని ఉంది.
మీసేవలో ఫారాలు నింపే పని నాది.
ఆ మాట ఎన్ని ఫైళ్లకు జోల పాడిందో
నాకు కొంచెం తెలుసు.

మా ఇంట్లో టీవీ ఒకటే, దాని ముందర ఇద్దరు.
చక్కెర జబ్బుకు చూపు అప్పజెప్పిన నాయన,
పుట్టిన కాడి నుంచీ వినపడని మేనత్త మాబున్ని.
మధ్యలో చాప మీద నేను.
నాయనకు నోటితో, అత్తకు చేతులతో
ఒకే సీరియల్ని రెండుసార్లు ఆడించేదాన్ని.
"ఇప్పుడేంది, అంతా గమ్మునైపాయిరే?" అనేవాడు నాయన.
తలుపు తీసినారు, కోడలి చేతిలో చెంబు జారింది,
ఇంకా కింద పడలేదు, ఉండు నాయనా.
అంతలోకే అత్త మోచెయ్యి నా డొక్కలో:
వాడేమన్నాడు?
ఒక్కోసారి నిద్రకు ఓర్చుకోలేక
చావాల్సినోళ్లను బతికించి శుభం పలికేసేదాన్ని.
మర్నాడు ఆమె పటానికి దండ కనపడి
అత్త నన్ను చూసిన చూపు
ఇంకా నా వీపు మీదే ఉంది.

క్లాజుకు వస్తాను.

తుంగభద్ర ఊర్లోకి వచ్చిన రాత్రి
అమ్మది పెద్దాసుపత్రిలో నైట్ డ్యూటీ.
నాకు తొమ్మిదేళ్లు, ఒళ్లు కాలే జ్వరం, నిద్ర.
అంటే ఆ పూట మా ఇంట్లో
సీరియల్ని ఆడించేవాళ్లు లేరు.
తెర కింద అక్షరాలు పరుగెత్తినాయంట,
లోతట్టులో ఉండేవాళ్లు వెంటనే, అని.
నాయనకు టింగుమని ఒక గంట వినపడింది.
ఎందుకు మోగిందో గంట చెప్పదు గదా.
అత్తకు చదవొచ్చు, ఐదు దాకా చదివింది.
అయితే ఆ అక్షరాల మీద
కేబులోడు అతికించిన బంగారంగడి పట్టీ:
తరుగు లేదు, తరుగు లేదు, తరుగు లేదు.

నిజమే. తెల్లారేదాకా తరగలేదు.

మొదట తెలిసింది అత్త పాదాలకు.
తర్వాత నాయన ముక్కుకు, ఒండ్రు వాసన.
ఆయన నన్ను భుజానేసుకున్నాడు.
పక్కింటి మిద్దెకు మెట్లెన్నో
ఆమె ఆయన అరచేతిలో గీసి చెప్పింది.
కింద, పరుపులకని ఏకి పెట్టిన దూది
నీళ్లు తాగి తాగి ఎనుములాగా ఉబ్బి
తలుపుకు అడ్డం పడుకుంది.
మూడోనాడు అన్నం పొట్లాలిచ్చే సారు
ఇద్దరినీ కలిపి కసురుకున్నాడు,
"టీవీలో చెప్తానే ఉంటిమి గదా,
చూడలేదా, వినలేదా?"
నాయన పొట్లం కోసం చెయ్యి చాపినాడు.
చాపిన పక్క ఎవరూ లేరు.

మీరు రాసింది నిన్న రాత్రి ఆయనకు చదివి వినిపించినాను.
చానా సేపు బీడీ తిప్పుకుంటా ఉండి
"వీలైనంత అంటే మోకాలి దాకానా పాపా,
గొంతు దాకానా?" అన్నాడు.

నాకు తెలీదు. మీకు తెలిస్తే
అంకెల్లో రాయండి.
ఎన్ని గంటలు, ఏ తేదీ లోపల, తప్పితే ఎంత జరిమానా.
పరుగెత్తే అక్షరాన్ని ఎవరో ఒకరు
నోరు తెరిచి చదవాలని రాయండి.
దాని మీద బంగారం అతికించగూడదని రాయండి.

ఇంకొకటి. ఇది అభ్యంతరం కాదు.
పోయిన నెల ఒక చానెల్లో పాత సినిమాకు
కింద మాటలు వేసినారు.
మనిషి నోట్లోంచి రాకముందే, అర సెకను ముందు,
మాట తెర మీదికి వచ్చేస్తాంది.
హాస్యగాడు ఇంకా గొంతు సవరించుకుంటా ఉండగానే
అత్త పకపకా నవ్వేసింది.
యాభై ఆరేళ్లలో ఇంట్లో అందరికన్నా ముందు
ఆమె నవ్వడం అదే మొదలు.
నాయన ఆ నవ్వు విని
బీడీ ఆర్పి, పంచె సర్దుకుని, ముందుకు జరిగి
కూర్చున్నాడు,
ఏదో జోకు వస్తాంది అని.