పది సెంటీమీటర్లు

కౌన్సిల్ నుంచి కాగితం వచ్చింది.
మీ ఇంటి ముందు గడ్డి మోకాలు దాటింది,
ఎండాకాలం, నిప్పు భయం,
శుక్రవారంలోగా పది సెంటీమీటర్లకు కోయించాలి.
కింద ఎవరిదో సంతకం, కోడి కెలికినట్టు.

టార్నీట్‌లో మాది మూల ఇల్లు.
కొన్నప్పుడు చాప పరిచినట్టు పచ్చిక ఉండేది.
మూడు వేసవులు దానికి నీళ్లు పోశాను.
తాగింది, అలిగింది, ఎండి చచ్చింది.
దాని కింద రేగడి.
జనవరిలో నెర్రెలిచ్చినప్పుడు
ఇందుజ చెప్పు ఒకటి అందులో పడింది,
ఇప్పటికీ దొరకలేదు.

"ఏం వేయాలో నేలనే అడగండి" అంది
నర్సరీలో ఎల్స్‌పెత్.
నేల మాట నాకు అర్థం కాదు కనక ఆమెనే అడిగాను.
వేలెడు గొట్టాల్లో నలభై మొక్కలిచ్చింది,
కంగారూ గడ్డి, నాలుగైదు డయనెల్లాలు.
"ఈ గడ్డి మీ దేశంలోనూ ఉంది,
మీ భాషలో ఏమంటారు?"
తెలియదన్నాను.
గొర్రెలకు తెలిసే ఉంటుంది,
వాటిని ఎవరూ అడిగి ఉండరు.

మొదటి ఏడు ఏమీ కాలేదు.
పక్కింటి గోరన్ కంచె మీంచి తొంగిచూసి
"తోట ఎప్పుడు వేస్తావు?" అనేవాడు,
మొక్కల మధ్యే నిలబడ్డ నన్ను.
మూడో ఏడు మార్చిలో గుర్తొచ్చింది
వేసవంతా నీళ్ల పైపు విప్పనేలేదని.
గడ్డి మాత్రం తుప్పురంగు వెన్నులు తీసి
ఎవరి మాటా కాదనలేనట్టు
గాలి ఎటంటే అటు ఊగుతోంది,
అడుగున మాత్రం
ఒక్క వేరూ కదలనివ్వకుండా.

గురువారం పొద్దువాలాక కత్తెర తీశాను.
కోపమేమీ లేదు.
రెండేళ్ల కింద వెనక బీడు తగలబడ్డప్పుడు
మా కిటికీల మీద వాలిన బూడిద
నా చేత్తోనే తుడిచాను.
పదింటికి ట్రుగనీనా గోడౌన్‌లో డ్యూటీ.
త్వరగా కానిద్దామని కంచె వైపునుంచి మొదలుపెట్టాను.

డయనెల్లా పక్కన గుప్పిట్లోకి తీసుకున్న కాడ మీద
గింజల వరుస.
గింజలు కావు.
తేనెటీగలు. ఏడు.
నల్లటి పొట్టల మీద నీలం పట్టీలు,
కాళ్లు ముడుచుకుని
కాడను దవడలతో కరిచిపట్టి
నిద్రపోతున్నాయి.

ఆడవి మట్టిలో బొరియ తవ్వుకుంటాయట.
మగవాటికి ఇల్లు లేదు,
ఈ కాడే మంచం, ఈ పంటి పట్టే దుప్పటి.
టమాటా పువ్వును పట్టుకుని వణికించే జాతి ఇదేనట.
పగటి నిద్రలో ఆ ఝుమ్ము ఎన్నోసార్లు విన్నాను,
ఫ్రిజ్ పాడైందనుకున్నాను.

ఈ నిద్ర నాకు తెలుసు.
తెల్లవారుజామున నాలుగింటికి
ట్రాలీ పిడి పట్టుకుని
నిలువునా నిద్రపోయినవాణ్ణి నేను.
సూపర్‌వైజర్ బూట్ల చప్పుడుకి
కళ్లకంటే ముందు చేతులు మేల్కొంటాయి.

కత్తెర చప్పుడు కాకుండా మూశాను.
కాసేపు దానితో ఏం చేయాలో తోచలేదు.
తర్వాత మిగతాదంతా కోశాను,
ఇందుజ స్కేలు పెట్టి కొలిచింది, పదికి ఒక గీత తక్కువే.
డయనెల్లా పక్కన జానెడు మేర
ముట్టుకోలేదు.

శుక్రవారం వచ్చినాయన బాగా కుర్రాడట.
నేను నిద్రలో ఉన్నాను,
స్కూలు సెలవులు కనక పిల్లే తలుపు తీసింది.
ఆ జానెడు చూపించి
"వీళ్లు ఇక్కడ పడుకుంటారు" అందట.
పొద్దున పదకొండింటికి
కాడలు తప్ప అక్కడ ఎవరూ లేరు.
"రాత్రి రండి" అందట.
అతను ఏమీ రాసుకోలేదట,
నవ్వాడో లేదో చూడలేదట.

అతనే వస్తాడో, మళ్లీ కాగితమే వస్తుందో.

ఇవాళ ఎనిమిదింటికి వంగి లెక్కపెట్టాను.
ఆరే ఉన్నాయి.
ఏడోదానికి నైట్ షిఫ్ట్ పడిందేమో అనుకుని
అన్నం డబ్బా తీసుకుని
గేటు చప్పుడవకుండా వేశాను.