సూరాడ తవిటయ్య దిబ్బ

వంశధార మొగ దగ్గరి దిబ్బకి
మనిషికి నలభై, పిల్లలకి సగం.
సెలవుల్లో తెడ్డు దించే తీరిక ఉండదు నాకు.

అదిగో, టికెట్ గదికి ఆ నీలం
తవిటయ్య కలిపిందే,
పడవలకి కళ్లు దిద్దగా మిగిలిన డబ్బాలోది.
ఏటేటా అదే వేస్తాం.
రవ్వంత తేడా వచ్చినా
జాలరిపేట ముసలమ్మలు ఊరుకోరు.

కాంట్రాక్టరు సిమెంటు డాల్ఫిన్ తెచ్చిన రోజు
"ముందు నీట్లోకెళ్లి చూడు బాబూ,
మొగలిపొదని మించి ఏదీ అగుపించరాదు" అన్నాడు.
వాంతులతో తిరిగొచ్చాడు కాంట్రాక్టరు.
డాల్ఫిన్ ఇప్పుడు ఏదో పెట్రోలు బంకు ముందుంది.

"అటుపక్క ఏముంది?" అడుగుతారు.
ఏమీ లేదు. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసక.
ఒక్క దీపం పెట్టనివ్వలేదు.
ఆయన పనులన్నిట్లో పెద్దది అదే అంటే
నమ్మరు.
ఫోటోలో ఏమీ పడదు మరి.