వంకర గీత

కాగితం మీద మీటరున్నర.
హెణ్ణూరు రోడ్డులో, అర్ధరాత్రి దాటాక,
టేపు చుట్టి జేబులో పెట్టి
వాచ్‌మన్ ఓబులప్పను సైకిల్ తొక్కమన్నాను.

హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్,
వెనక, మూత సరిగా పట్టని నీళ్ల క్యాను.
మొదటి నాలుగు తొక్కులూ అటొకటి ఇటొకటి.
తారు మీద కారిన తడి వెంట
చాక్‌పీసుతో నేను, వంగి.

"నేరుగా పోలేదు మేడం,
ఇంకోతూరి తొక్కేదా?"
వద్దన్నాను.
ఆ వంకరే కావాలి నాకు.

రెండు మీటర్ల పది సెంటీమీటర్లు.

పొద్దున మీటింగులో అడుగుతారు,
కార్లకు తగ్గే ఆ రెండడుగులూ ఎవరికని.
ఏం చెప్పను?
తొమ్మిదేళ్ల కిందట
జాలహళ్ళి క్రాసులో
మా తమ్ముడు పక్కకు ఒరిగింది
జానెడే.