లాకౌట్

రాత్రి పలాస ప్యాసింజరు కూతేసాక
ఒక మాత్ర.
పన్నెండేళ్లుగా అదే నా గడియారం.

పెద్దాసుపత్రి కాయితంలో ఈసారీ అదే మాట: కనబడలేదు.
"కనబడ్లేదంటే లేదనేనా బాబూ?
లేనిదానికి మందేటి?" అనడిగీసాను.
సంపతిరావు డాక్టరు కళ్లజోడు తుడుచుకుని
"ఏం పని చేసేదానివి, తవిటమ్మా?" అన్నాడు.

నెల్లిమర్ల జూట్ మిల్లు. మగ్గాల కాడ.

"నేసిన గోనెలోంచి ఒక పోగు పీకగలవా?"
పీకితే గోనె గోనెగా ఉండదు కదా.
"ఇదీ అంతే. నీ కణాల పోగుల్లో తన పోగు నేసేసింది.
కొన్ని కణాలు నేత ఆపేసి పడుకున్నాయి.
మందు నడిచే మగ్గాన్నే పట్టుకుంటుంది."

అక్కడితో ఆగితే బాగుణ్ను.
చిన్నప్పుడు తట్టు పోసిందా అనడిగాడు.
పోసింది. ఏడేళ్ల గుంటని. వేపమండల మీద పడుకోబెట్టి
మా యమ్మ తెల్లార్లూ విసిరింది.
ఆ తట్టుని ఇప్పటికీ గుర్తెట్టుకున్న కణాలుంటాయట,
మళ్లీ వస్తే పోరాడ్డానికి.
అలా గుర్తెట్టుకునేవాటిల్లోనే
ఎక్కువగా దూరి పడుకుందట ఇది.
నిద్దట్లోనే ఒకటి రెండవుతుందట, రెండు నాలుగు,
చప్పుడు లేకుండా.

అంటే మా యమ్మ విసిరిన గాలి పక్కనే దీని పడక.
దీన్ని తీయాలంటే అదీ పోవాలి గావాల.
అడగలేదు. వెనకాల లైనుంది.

తుపాను ఏడు దారులు తెగి
నెల రోజులు మాత్రలు అందలేదు.
తరవాత తీసిన రక్తంలో లక్షా పదివేలు.
ఎక్కడినుంచొచ్చాయి బాబూ అంటే
ఎక్కడికీ వెళ్లలేదుగా, అన్నాడు అప్పటి డాక్టరు.

ఆటో మిల్లు గేటు ముందునుంచే వస్తాది.
నోటీసు అంటించిన రోజు
నా మగ్గం మీద సగం గోనె ఉండిపోయింది.
అద్దం పగిలిన కిటికీలోంచి చూస్తే
అలాగే ఉండేది, దుమ్ములో, పళ్లలో పట్టుకుని.
మూడేళ్లు సంతలో బెండకాయలమ్మాను.
మూడేళ్లూ తెల్లారగట్ల ఐదున్నరకి
సైరన్ లేకుండానే లేచి కూచునేదాన్ని.
తెగిన పోగుకి ముడేస్తున్నట్టు
వేళ్లు గాల్లో వాటంతటవే ఆడేవి.
ఆగినోళ్లు చచ్చినోళ్లు కారు.
ఇది డాక్టరు చెప్పాలా నాకు?

ఇవాళ ప్యాసింజరు లేటు.
మాత్ర అరచేతిలో చెమటకి మెత్తబడతంది.
పట్టాల వేపు చెవి పెట్టి కూచున్నాను.
లోపల అవీ కూచునుంటాయి
కూత కోసం.

ముందే మింగీసాను.