పొయ్యి వెనక గది

తార్తు ఊళ్లో మా వీధి పేరు బఠానీ వీధి.
పక్కది బంగాళాదుంప, ఆ అవతలిది చిక్కుడు.
ఓ పూట వంటకు సరిపడా వీధులున్నాయి గానీ
నా వెనక గదికి సరిపడా సిగ్నల్ లేదు.

చెక్క ఇంటికి నూట పదేళ్లు, రౌటర్‌కి ఎనిమిది.
రెండిట్లో ముసలిది రౌటరే అంటాడు
కొట్లో కుర్రాడు రాగ్నార్.

నా పని చేతులతో మాట్లాడటం.
వినబడనివాళ్లు తెర మీదికి వస్తారు,
పక్క కిటికీలో డాక్టరో, బ్యాంకు గుమస్తానో.
వాళ్ల వేళ్లు నా గొంతులో మాటలవుతాయి,
వీళ్ల మాటలు నా వేళ్ల మీదికి దిగుతాయి.
మధ్యలో నేను లేనట్టే ఉండాలి.
అదే నా జీతం.

మొన్న మంగళవారం
వోరు నుంచి హెల్దుర్, తేనెటీగలు పెంచే ఆయన,
ఎడమ రొమ్ము మీద అరచెయ్యి పెట్టి
ఏదో చెప్పబోయాడు.
చెయ్యి అక్కడే ఆగిపోయింది.
నొప్పి అనబోతున్నాడో
నొప్పి లేదనబోతున్నాడో.
ముఖం చిన్న చిన్న గళ్లయింది.
"ఏమంటున్నారు?" అంది డాక్టరమ్మ.
ఆవిడకు నేనేం చెప్పను?
పదకొండు సెకన్లు. లెక్కపెట్టాను.
ఇరవయ్యేళ్లుగా నిశ్శబ్దంలోనే బతుకుతున్నదాన్ని,
అంత చప్పుడు చేసే నిశ్శబ్దం ఎరగను.

చెయ్యి కదిలింది.
తేనెపెట్టెలు మోశాట్ట. కండ పట్టేసిందిట. అంతే.

సాయంత్రం కొట్టుకి పోయాను.
"మీది ఐదో తరం. ఆరొచ్చింది, ఏడొచ్చింది"
అంటూ ఎనిమిది కొమ్ముల పీతలాంటిదాన్ని చూపించాడు.
నూట నలభై తొమ్మిది యూరోలు.
మా పిల్లి ట్రీబు కూడా ఐదో తరమేనయ్యా,
ఎలకలు పట్టడం మానలేదు, అన్నాను.
రాగ్నార్ నవ్వలేదు.
"మీదానికి కంపెనీ అప్‌డేట్లు ఆపేసి రెండేళ్లయింది.
తాళం పాతది. దొంగలు కొత్తవాళ్లు."
ధర రాసిన చీటీ తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించాను.
చలికాలం కట్టెల బిల్లు పక్కనే.

గురువారం చిమ్నీ ఊడ్చే కౌపో వచ్చాడు.
మోచేతుల దాకా మసి, చెవిలో కూడా.
పొయ్యిలో తల దూర్చి, బయటికి తీసి,
గోడ మూల మినుకుమనే దీపం చూశాడు.
"దీన్నిక్కడ ఎవడు పెట్టాడు?"
నేనే.
"ఇది రెండు టన్నుల ఇటుక. లోపల ఇనప పలకలు.
పొగకైతే నేను వంపులు కట్టిపెట్టాను, తిరుక్కుంటూ పోతుంది.
పాపం దీనికెవరు కట్టారు?"

గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడకు కడుపుంది.
ఎనిమిదేళ్లుగా నా మాటలన్నీ తిని
వెచ్చగా కూర్చుంది.

తొమ్మిది యూరోలకు పదిహేను మీటర్ల తీగ కొన్నాను.
గడప అంచున మేకులు కొట్టాను.
ఒక మేకు బొటనవేలి మీద పడింది,
శుక్రవారమంతా నా సైగలకు కాస్త నత్తి.
కానీ తెర మీద ఒక్క చెయ్యీ ఆగలేదు.
ఒకావిడ మనవరాలి గురించి చెబుతుంటే
వేళ్ల చివర వణుకు కూడా కనబడింది.

ఇక కొనక్కర్లేదనుకున్నాను. చీటీ తీసేయబోయాను.

తీయలేకపోయాను.
వేగం కాదు, ఆ తాళం మాట.
నా ఉత్తరాలు ఎవడు చదివినా పోయేదేం లేదు,
కరెంటు బిల్లూ, చెల్లెలు పంపే పుట్టగొడుగుల ఫోటోలూ.
కానీ ఆ తలుపులోంచి రోజూ నడిచేది నేను కాదు.
హెల్దుర్ గుండె, ఆవిడ మనవరాలు,
అప్పు అడగడానికి సిగ్గుపడే ఒక వడ్రంగి చేతులు.
పరాయి సొమ్ముకి కావలి ఉన్నవాడు
తాళం పాతదైనా పర్లేదనుకోవచ్చా?

పీత వద్దు, ఏడూ వద్దు.
అప్‌డేట్లు వచ్చేది, అన్నిట్లోకీ చవకైంది, ఒకటి చూడమన్నాను.
డెబ్బై యూరోలు. సోమవారం తెస్తాడు.
తీగ మాత్రం అలాగే ఉంటుంది.

ఒక్క చిక్కు మిగిలింది.
పాత రౌటర్ వీపు మీద, ఆ వేడికి,
ట్రీబు ముడుచుకుని పడుకుని ఉంది.
దానికెలా చెప్పాలో
ఏ సైగా రాదు నాకు.