వీసం చుట్టు

ఎల్ ఆల్టో. గాలి పల్చన.
యుంగాస్ లోయ నుంచి ఎక్కొచ్చిన బండి
నల్లగా దగ్గుతోంది.

పొడుగు స్క్రూడ్రైవర్ పెట్టాను, ఇంజిన్ అడ్డం.
పొట్టిది పెట్టాను, మూతి పట్టింది,
వేళ్లకే చోటు లేదు.
మొదటి జీతంతో లా పాస్‌లో కొన్న వంకరమూతిది
గాడి తప్పి ఇత్తడిని గీరింది.
మణికట్టు కాలింది.

బసీలియా ఏమీ అనలేదు.
సూప్ ముగించి చెంచా నాకింది.
కాడ వంచి, కొస ఆకురాయితో అరగదీసి,
గాడిలో పెట్టి చూసి, మళ్లీ అరగదీసి,
చెవి ఇంజిన్‌కి అప్పగించింది.

పావు చుట్టు.
ఆగింది.
ఇంకో వీసం.

దగ్గు సర్దుకుంది.
"కిందికి దిగాక మళ్లీ బిగించుకో."
"దేంతో?" అన్నాడు బండివాడు.

చెంచా అతని జేబులో పెట్టింది.

మధ్యాహ్నం ఆమె
గిన్నె ఎత్తి తాగుతుంటే
నా వంకరమూతిది డబ్బాలో
ఇంకా మెరుస్తూనే ఉంది.